మా మామ్మ వేసిన అరవై ఒక్క మార్కులు

జర్మనీ దేశానికి గంజి వార్చడం నేర్పింది మా జ్ఞానమ్మ మామ్మ. అంతకుముందు ఆ దేశంలో ఎవరికీ అన్నం సరిగ్గా ఉడికేది కాదు. సామర్లకోటలో తన వంటింటి పీట మీంచి లేవకుండానే మామ్మ ఇంత పనీ చేసింది. అనుమానమున్నవాళ్ళు హెల్గాని అడగొచ్చు.

హెల్గా అంటే రెండువేల రెండో సంవత్సరం జూలైలో మామ్మ ఇంటికొచ్చిన కాలేజీ పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. మామ్మ ఇంటి గుమ్మం నుదుటికి తగిలేంత పొడుగు. వాళ్ళ కాలేజీలో ఒక సెమిస్టరు పరాయి దేశంలో చదవొచ్చట. మన వైపు ఆడవాళ్ళ సంఘాల గురించి రాస్తానని రాజమండ్రిలో ఒక కాలేజీకి వచ్చింది. అక్కడి లెక్చరరు వినీల గారు చిన్నప్పుడు మామ్మ దగ్గర చదువుకున్న మనిషి. సంఘాల సంగతి పుస్తకాల్లో దొరకదని, ఆవిడే పిల్లని తీసుకొచ్చి మామ్మ ఇంట్లో దింపి, ఒక కాగితం చేతికిచ్చింది.

"నవంబరు ఆఖరుకి ఇది నింపివ్వాలండి. అమ్మాయి మీ ఇంట్లో ఎలా మసలిందో చూసి నూటికి మార్కులు వెయ్యాలి. యాభై రాకపోతే సెమిస్టరంతా పోయినట్టేనండి, మళ్ళీ మొదట్నుంచీ చదువుకోవాలి."

"వేస్తాను. నా పద్ధతి నీకు తెలుసుగా."

"తెలుసండి. అదే నా భయం."

మామ్మ మిషన్ బడిలో ముప్ఫై ఆరేళ్ళు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఎవరికీ అరవై దాటి మార్కులు వేసిన దాఖలా లేదు. మా నాన్నని, సొంత కొడుకని చూడకుండా, మూడో తరగతిలో ఫెయిల్ చేసిన చెయ్యి అది. వినీల గారికి ఒకసారి యాభై ఎనిమిది వస్తే, ఆ సంగతి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పారట.

మొదటి వారం హెల్గా గంజితోపాటు సగం అన్నం తూములోకి వార్చేసింది. మామ్మ తిట్టలేదు. గిన్నె మీద మూత ఎలా అదిమి పట్టాలో, మసిగుడ్డతో రెండు వైపులా ఎలా పట్టుకోవాలో మళ్ళీ చూపించింది. పిల్ల నేర్చుకుంది. బియ్యం కడగడం తన పనిగా పెట్టుకుంది. చిక్కు వచ్చింది అక్కడే.

మామ్మకో అలవాటుంది. పొద్దున్నా సాయంత్రమూ సోలతో బియ్యం గిన్నెలో పోశాక, అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి, గూట్లో ఉన్న పాత డాల్డా డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. చర్చిలో స్త్రీల సమాజంవాళ్ళంతా అలాగే తీస్తారు. నెలకొకసారి, మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక ఆ బియ్యం కొలిచి హాస్టల్లో ఆడపిల్లలకి పంపుతారు. అయితే మామ్మ డబ్బాలో వేసేటప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంది, లోపలికి చూడదు. ఇచ్చిందాన్ని మళ్ళీ చూసుకుంటే గర్వం వస్తుందని ఆవిడ పట్టుదల. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క నెల కూడా డబ్బా లేకుండా చర్చికి వెళ్ళలేదు. ఆ గర్వం మాత్రం కొంచెం ఉండేది.

ఆగస్టు మొదటి శనివారం మధ్యాహ్నం మామ్మ రేపటికని డబ్బా దించబోయి, బరువు ఉంటుందని రెండు చేతులూ వేసింది. డబ్బా గాలిలోకి లేచి వచ్చింది. అడుగున నాలుగు గింజలున్నాయి.

"అమ్మాయ్, ఇందులో బియ్యం ఏమయ్యాయి?"

హెల్గా తడబడలేదు. నోట్‌బుక్ తెచ్చి చూపించింది. "నేను వచ్చిన రోజు మీరు బియ్యం పోసి, మళ్ళీ తగ్గించారండి. రోజూ తగ్గించారు. ఆఖర్న మీరు కొంచెమే తింటున్నారు. నా వల్ల మీకు చాలడం లేదనుకున్నాను. మీరు కళ్ళు మూసుకున్నప్పుడు రోజూ రెండు పూటలా ఒక పిడికెడు తీసి మళ్ళీ గిన్నెలో వేశానండి."

"అన్నం మిగిలిపోతుంటే పాత బియ్యం, ఒదుగొస్తున్నాయనుకున్నాను" అంది మామ్మ. "కొట్టు దొరబాబుని మెచ్చుకున్నాను కూడానూ. నన్నడగొచ్చుగా?"

"ఇంటివాళ్ళని తిండి గురించి అడగకూడదని కాలేజీలో చెప్పారండి."

మామ్మ అసలు సంగతి వివరించేసరికి పిల్ల మొహం పాలిపోయింది. ఇప్పుడే వెళ్ళి పది కేజీలు కొనుక్కొస్తానని చెప్పులు వేసుకుంది.

"కొన్నవి చెల్లవు. మన కంచంలోంచి తగ్గాలి."

అలా అన్నదే గానీ, ఆ సాయంత్రం మామ్మ బియ్యం బస్తా దగ్గర కాసేపు నిలబడింది. నాలుగు సోలలు డబ్బాలోకి వంపితే అడిగేవాళ్ళు లేరు. సోల చేతిలోకి తీసుకుంది కూడా. మళ్ళీ బస్తాలో పడేసి, మూతి కట్టేసింది.

మర్నాడు చర్చి వరండాలో చాపల మీద ఆడవాళ్ళంతా కూర్చున్నారు. సెక్రటరీ పాపాయమ్మ గారు పుస్తకం చూసి పేర్లు పిలుస్తోంది.

"జ్ఞానమ్మ గారూ."

"ఈ నెల లేవండి."

వరండాలో విసనకర్రలు ఆగిపోయాయి. "అదేంటండి, ఒంట్లో బాలేదా?" అంది పాపాయమ్మ గారు. మామ్మ తల దించుకుందే తప్ప పిల్ల పేరు ఎత్తలేదు. వెనకాల గోడకానుకుని కూర్చున్న హెల్గా లేచి నిలబడింది.

"మామ్మగారు ఇచ్చారండి. నేను తిన్నానండి. రోజూ రెండుసార్లు తిన్నానండి."

ముందు ఎవరో నవ్వాపుకోలేక కొంగు అడ్డుపెట్టుకున్నారు. తర్వాత ఎవరూ అడ్డు పెట్టుకోలేదు. పాపాయమ్మ గారు కళ్ళు తుడుచుకుని కలం పట్టింది. "ఏం రాయమంటారండి జ్ఞానమ్మ గారూ? జర్మనీ తినేసిందని రాయనా?"

"నిజమదేగా. రాయండి."

ఇంటికొచ్చే దారిలో పిల్ల మెల్లగా అడిగింది. "నా మార్కులు పోయాయాండి?"

"నవంబరు రానీ" అంది మామ్మ.

ఆ రోజు సాయంత్రం నుంచి గూట్లో డబ్బా పక్కన ఒక ఖాళీ హార్లిక్స్ సీసా చేరింది. మామ్మ పిడికెడు మామ్మది, హెల్గా పిడికెడు హెల్గాది. ఆ పిల్ల చెయ్యి పెద్దది కావడంతో సీసా తొందరగా నిండేది. అన్నం మాత్రం ఇంక మిగల్లేదు. ఆకలేసినప్పుడు ఇద్దరూ గంజిలో ఉప్పేసుకుని తాగేవాళ్ళు. సెప్టెంబరులో పాపాయమ్మ గారు "జర్మనీ" అని పిలిస్తే హెల్గా సీసా పట్టుకుని తల పైకెత్తుకుని వెళ్ళింది. అక్టోబరు, నవంబరు కూడా అంతే.

చక్కెర ఫ్యాక్టరీ గానుగ మొదలై ఊరంతా తీపి వాసనేస్తున్న వారంలో వినీల గారు కాగితం కోసం వచ్చింది. మామ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో గడీ చదువుతూ నింపింది. 'ఇంటివారికి ఇబ్బంది కలిగించిందా' అన్న చోట 'కలిగించింది. నలుగురిలో తనంతట తనే ఒప్పుకుంది' అని రాసింది. అంకె వేసి సంతకం పెట్టింది. వినీల గారు రెండుసార్లు చూసుకుంది.

"అరవై ఒకటాండి? నాకు యాభై ఎనిమిదే వేశారు."

"నువ్వు కాపీ కొట్టి ఒప్పుకోలేదుగా. ఆ పిల్ల ఒప్పుకుంది, అరవై. పైది గంజి వార్చినందుకు."

హెల్గా వెళ్ళిపోయేటప్పుడు సీసా తీసుకెళ్ళింది. ఆ రోజు మామ్మ వండిన అన్నం చిమిడిపోయింది. పొయ్యి మంట ఎక్కువైందని చెప్పింది గానీ, ఎవరూ నమ్మలేదు.

ఇదంతా రాసి మామ్మకి చదివి వినిపించి, దీనికి నూటికి ఎన్నని అడిగితే, ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తలేదు.

"జర్మనీకంతా నేనేం నేర్పలేదు, ఆ పిల్లకి నేర్పాను. అది నేర్చుకుంది. నువ్వు పదో తరగతి మూడుసార్లు రాశావు, ఒక్కసారి గంజి వార్చి ఎరగవు. ముప్ఫై నాలుగు."