నాన్న మోసుకెళ్ళిన కుర్చీ

మొన్న ఆదివారం మా ప్రార్థన మందిరానికి కొత్త బల్లలు వచ్చాయి. ఇన్నేళ్ళూ చాపల మీద మోకాళ్ళు అరగదీసుకున్న మనవాళ్ళందరూ పెళ్ళి పంక్తిలో చోటు పట్టుకున్నట్టు వాటి మీదికి ఎగబడుతుంటే, కొత్త కర్ర వాసన ముక్కుకు తగిలి, నాకు మా నాన్న కుర్చీ గుర్తొచ్చింది.

ఆ కుర్చీ పుట్టుక చెబితే మీరు నమ్మరు. నేను చెప్పేవాటిలో మీరు నమ్మింది ఏముంది గనక! గోదావరి వరదలో కొట్టుకొచ్చిన టేకు దుంగను మా నాన్నా పెదనాన్నా ఈదుకెళ్ళి ఒడ్డుకు లాగారు. దాని మీద ఒక ఎలుగుబంటి కూర్చుని వచ్చిందనీ, ఒడ్డు తగలగానే అన్నదమ్ములిద్దరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయిందనీ నేను ఇప్పటికీ అంటాను. సరే, ఎలుగుబంటిని తీసేయండి. దుంగ నిజం, దానితో చేయించిన కుర్చీ నిజం.

మన ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ రోజుల్లో మందిరంలో కుర్చీలు తెల్లవాళ్ళకే. దేవుడి ముందు అందరూ ఒక్కటేనని మనల్ని మతంలో కలుపుకున్న దొరగారే, తానూ దొరసానీ రాజమండ్రి నుంచి వచ్చే చుట్టాలూ కుర్చీల్లో కూర్చుని, మనలో పండు ముసలివాళ్ళనైనా నిండు చూలాళ్ళనైనా నేల మీదే కూర్చోబెట్టేవారు. మా నాన్న ఆ దొరగారి బడిలోనే పంతులు. మా పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే. అలాంటి మనిషి ఒక ఆదివారం కుర్చీ నెత్తిన పెట్టుకుని, కాలువ గట్టు వెంట నడిచి వెళ్ళి, చాపల వెనక వేసుకుని ఒద్దికగా కూర్చున్నాడు.

దొరగారు ప్రార్థన మధ్యలో ఆపేశారు. అందరూ వెళ్ళాక, తన పుస్తకాల తెలుగులో, "నేల మీద కూర్చొనుట మీకు అలవాటే గదా" అన్నారు.

"మోకాళ్ళకి అలవాటేనండి, నాకే లేదండి" అన్నాడు నాన్న.

మళ్ళీ ఆదివారం కుర్చీలో కనిపిస్తే బడికి రానక్కర్లేదని దొరగారు తేల్చేశారు. ఆ మాట కన్నా మనవాళ్ళ నవ్వే నాన్నను ఎక్కువ కోసింది. "కుర్చీగారూ, ఎండలో తిరగకండి, కొత్తగా ఎక్కిన తెలుపు దిగిపోద్ది" అని వారమంతా వీధి పొడుగునా ఒకటే ఎగతాళి.

ఆదివారం పొద్దున్న నాన్న కాలువలో స్నానం చేసి వచ్చేసరికి, సంఘానికి పెద్దయిన మా పెదనాన్న మా అరుగు మీద రంపం ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కుర్చీ నాలుగు కాళ్ళూ మొదలంటా కోసి పక్కన పేర్చాడు.

"కోప్పడకురా తమ్ముడూ. ఇప్పుడు నేల మీద కూర్చున్నట్టూ ఉంటది, కుర్చీలో కూర్చున్నట్టూ ఉంటది. నీ ఉద్యోగమూ నిలబడుద్ది" అని, తన ఉపాయానికి తానే మురిసిపోయాడు.

నాన్న ఆ మొండి కుర్చీనే మోసుకెళ్ళి, అదే చోట వేసి, దాని వెనక నిలబడ్డాడు. దొరగారు ఎన్నిసార్లు కూర్చోమన్నా కూర్చోలేదు. మర్నాడు బడి తలుపు నాన్నకు మూసేశారు. ఆ కుర్చీ కాళ్ళతోనే అమ్మ ఆ పూట గంజి కాచింది.

అప్పటినుంచీ వారమంతా ఇటుక బట్టీలో మట్టి తొక్కడం, ఆదివారం చాపల వెనక నిలబడడం. పాదాలు వాచి మువ్వల్లాంటి వేళ్ళు కనబడకుండా పోయాయి. ఎప్పుడు పడతాడా అని పిల్లలు పందేలు కాసేవారు. ఒక ఎండాకాలం పడనే పడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఆ రోజు దొరగారు ప్రార్థన ఆపలేదు.

ఇప్పుడు చాపలు పోయాయి, ఆ దొరా పోయాడు, బల్లలు వచ్చాయి. ముందు రెండు బల్లల మీద మాత్రం మెత్తలు పరిచి ఉన్నాయి. అటు వెళ్ళకూడదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ వెళ్ళలేదు. తొంభైకి దగ్గరపడ్డ పెదనాన్న తన పక్కన బల్ల మీద చేత్తో తట్టి, "కూర్చోరా, మంచి టేకు" అన్నాడు. నేను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకని కుర్రాళ్ళు అడిగితే, కూర్చునేచోట సెగ్గడ్డ లేచిందన్నాను. ఇన్నాళ్ళూ నేను ఏం చెప్పినా నమ్మనివాళ్ళు, ఇది మాత్రం చెప్పీ చెప్పగానే నమ్మేశారు.