ముందు చక్రానికి వేసిన నున్నటి టైరు

మా బావ కాలు విరిగిన రోజు నేను ముందుగా చూసింది అతని సైకిలునే. వానాకాలం, మధ్యాహ్నం మూడు దాటింది. అనకాపల్లిలో నా సైకిలు షాపు ముందు ఒక జీపు ఆగింది. జీపు టాపు మీద తాడుతో కట్టిన గేరు సైకిలు. దాని ముందు టైరుకి ఒక పక్కంతా ఎర్రమట్టి అలికినట్టు పట్టేసి ఉంది. ఆ టైరు వేసింది నేనే. లోపల ఎవరున్నారో ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

బావ అంటే మా చెల్లెలు సుగుణ భర్త దానియేలు, లెక్కల మాస్టారు. కాపురం మాకవరపాలెం దగ్గర. అక్కణ్ణించి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి పోయి, జీడితోటల మధ్య నుంచి కొండ ఎక్కితే అతని బడి. బస్సు లేదు. కొండ మీద పొలాలు చేసుకునేవాళ్ల పిల్లలు చదువుకునే బడి అది. బావ అక్కడికి వెళ్లడానికే లావు టైర్ల గేరు సైకిలు కొనుక్కున్నాడు. రెండు టైర్లకీ పెద్ద పెద్ద గుబ్బలుండేవి. తారురోడ్డు మీద గుర్రుమని చప్పుడు చేసేవి గానీ కొండదారిలో ఉడుంపట్టు పట్టేవి.

పడడానికి మూడు వారాల ముందు, వెనక టైరు అరిగి గుండైపోయిందని సైకిలు నా దగ్గరికి తెచ్చాడు. ముందు టైరు గుబ్బలు ఇంకా బాగానే ఉన్నాయి. మా షాపుల్లో ఒక అలవాటుంది. కారేజీ మీద బస్తా వేసినా, మనిషిని కూర్చోబెట్టినా బరువంతా వెనక చక్రం మీదే కదా. అందుకని మంచి టైరు వెనక్కి వేస్తాం, ముందుకి ఏదో ఒకటి సరిపెడతాం. ఇరవై ఏళ్లుగా అలాగే వేశాను, ఎవరూ పడలేదు. అవన్నీ బెల్లం మార్కెట్టుకి, రైలుస్టేషనుకి తిరిగే సైకిళ్లు. కొండ దిగే సైకిలు ఒక్కటీ లేదు. ఆ తేడా నా బుర్రకి తట్టలేదు.

ముందున్న గుబ్బల టైరు తీసి వెనక్కి వేశాను. ముందుకి షాపులో ఆ సైజులో ఉన్న నున్నటి రోడ్డు టైరు ఎక్కించాను. గాలి రాయిలా కొట్టాను. బొటనవేలితో నొక్కితే టైరు లొంగకూడదు, లొంగితే షాపువాడికి పని రాదని మా దగ్గర లెక్క.

బావ ముందు చక్రం తిప్పి చూశాడు. "ముందు జారదు కదా బావా? దిగుడులో ఒక వంపుంది. అక్కడంతా ఎర్రమట్టి" అన్నాడు.

"నువ్వు పిల్లలకి లెక్కలు సెప్పుకో. టైర్లు నాకొగ్గీ. ముందు సక్రం పనేటి, తిరగడమే కదా" అన్నాను. షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. బావ కూడా నవ్వి సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వంపులోనే పడ్డాడు. కొండ మీది రైతులు నలుగురు నులకమంచం మీద రోడ్డు దాకా మోసుకొచ్చి జీపు ఎక్కించారు. ఎడమ మోకాలు కొబ్బరిబొండమంత వాచిపోయింది. ఊళ్లో ఆర్థో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూశారు. "టిబియల్ ప్లేటో ఫ్రాక్చర్. మోకాలి కింది ఎముక పైభాగం విరిగి, చీలిక జాయింట్‌లోకి వెళ్లింది. సీటీ స్కాన్ కావాలి, ఆపరేషన్ కావాలి. వైజాగ్ తీసుకెళ్లండి" అన్నారు. చీటీ రాస్తూ రాస్తూ, "ఎలా పడ్డారు?" అని అడిగారు.

"వంపులో బ్రేకు గట్టిగా పట్టీసేనండి. నా తప్పే" అన్నాడు బావ పళ్లు బిగించి.

నేను మంచం పక్కనే ఉన్నాను. మాట నోటి దాకా వచ్చింది. సుగుణ ఏడుస్తోంది, జీపు డ్రైవరు తొందరపెడుతున్నాడు, ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఆ 'ఇప్పుడెందుకులే' ఆరు నెలలు సాగింది.

వైజాగ్‌లో వెంటనే కోయలేదు. "స్వెల్లింగ్ తగ్గకుండా కోస్తే స్కిన్ మూసుకోదు. ఆగాలి" అన్నారు సర్జన్. పది రోజులు కాలు ఎత్తులో పెట్టి ఉంచారు. షాపు మూసేసి నేనూ అక్కడే ఉన్నాను. బెడ్‌పాన్ పెట్టాను, ఒళ్లు తుడిచాను, గడ్డం గీశాను. తర్వాత ప్లేటు, స్క్రూలు వేశారు. "మూడు నెలలు నాన్ వెయిట్ బేరింగ్. పాదం నేలకి ఆనకూడదు" అని నా వైపు చూసి మరీ చెప్పారు. దగ్గరుండి చూసుకునేది నేనని వాళ్లకి తెలిసిపోయింది.

డిశ్చార్జి చేశాక అనకాపల్లిలో మా ఇంట్లోనే ఉంచాను. నాలుగో వారంలో జ్వరం వచ్చింది. కుట్ల దగ్గర చీము. మళ్లీ వైజాగ్. "ఇన్ఫెక్షన్. డెబ్రైడ్‌మెంట్ చేస్తాం, అంటే చెడిన కండ తీసేసి శుభ్రం చేస్తాం. బోన్ దాకా వెళ్లకపోతే అదృష్టవంతులు" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి చీము పరీక్షకి పంపిన కల్చర్ రిపోర్టు వచ్చేదాకా నేను తిన్నది ఏమిటో నాకు తెలియదు. మా చర్చి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అందరితో పాటు నేనూ మోకరించాను గాని, దేవుడికి ఏమని చెప్పుకోను? ఆయనకి తెలిసిన సంగతి మిగతా అందరికీ దాస్తున్నాను కదా. బోన్ దాకా వెళ్లలేదు. యాంటీబయాటిక్స్‌తో లొంగింది.

ఎవరు చూడ్డానికి వచ్చినా సుగుణ నా గురించే చెప్పేది. "మా అన్నయ్య లాంటోడు ఎవలకుంటాడు సెప్పండి, కన్నకొడుకులా సేత్తన్నాడు" అనేది. నేను మందులు తెచ్చే వంక పెట్టి బయటికి పోయేవాణ్ణి.

మూడు నెలలు దాటాక ఫిజియోథెరపీ మొదలైంది. మోకాలు అరవై డిగ్రీలు కూడా వంగేది కాదు. వారానికి మూడు రోజులు ఆటోలో తీసుకెళ్లేవాణ్ణి. ఫిజియోథెరపిస్టు మేడం కచ్చితమైన మనిషి, ఎంత అరిచినా వదిలేది కాదు. మెల్లగా తొంభై దాటింది. అప్పుడు కదలకుండా ఒకచోటే ఉండే స్టాటిక్ సైకిల్ ఎక్కమన్నారు. బావ ఎక్కి కూర్చున్నాడు. హ్యాండిల్ పట్టుకోగానే వేళ్లు బిగుసుకుపోయాయి.

"వద్దు మేడం" అన్నాడు.

"దీనికి చక్రాలే లేవు సార్, ఎలా పడతారు?" అన్నారావిడ. అయినా దిగిపోయాడు. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "మోకాలు నేను చూసుకుంటాను. సైకిలంటే ఆయనకి ఎందుకంత భయమో మీరు కనుక్కోండి" అన్నారు.

ఆటోలో అడిగాను. "కాలు బాగవుద్ది బావా, నాకు నమ్మకమే. నా సెయ్యిని నమ్మలేకపోతన్నాను" అన్నాడు. "బ్రేకు పట్టేనని డాక్టరుగారికి సెప్పేను గానీ, నిజానికి పట్టినట్టు గురుతు లేదు. ఏ ఎదవ పనీ సెయ్యకండా ఎవడైనా పడతాడేటి? నా సెయ్యే ఏదో సేసుంటాది. మళ్లీ సేసినా నాకు తెలీదు." అప్పుడైనా చెప్పాల్సింది. ఆటో ఇంటి ముందు ఆగేదాకా రోడ్డు చూస్తూ కూర్చున్నాను. నా అంత పిరికివాణ్ణి నేను చూడలేదు.

ఆ మర్నాడు బావ సైకిలు మాకవరపాలెం దాకా బస్సు మీద వేయించుకుని, అక్కణ్ణించి అతను పడ్డ చోటికి వెళ్లాను. వాన వెలిసి కాసేపే అయింది. నున్నటి టైరు ముందు ఉంచి, గాలి మళ్లీ అలాగే రాయిలా కొట్టి వంపు తిప్పాను. బ్రేకు మీద వేలు కూడా పెట్టలేదు. చక్రం సబ్బు మీద వేసినట్టు పక్కకి పోయింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచి వెనకున్న గుబ్బల టైరు ముందుకి మార్చాను, అదే వంపు తిప్పాను. నిలబడింది. గాలి కొంచెం తీశాను, ఇంకా బాగా నిలబడింది. మట్టిలో పడ్డ అచ్చు చూస్తే వంపులో పని చేసేవి అంచు గుబ్బలని తెలిసింది. టైరు కాస్త మెత్తగా ఉంటే ఎక్కువ గుబ్బలు నేలని పట్టుకుంటున్నాయి. గుబ్బల మధ్య ఎడం ఉంటే మట్టి ఇరుక్కోకుండా రాలిపోతోంది. వెనక టైరు జారితే మనిషి తూలి సర్దుకుంటాడు. ముందుది జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. ఇరవై ఏళ్లుగా షాపు నడుపుతున్నవాణ్ణి, ఒక్క పూటలో తెలుసుకోగలిగిందే ఇదంతా. బావ అడిగిన రోజున తెలుసుకుని ఉండొచ్చు. తెలుసుకున్నాక కూడా ఇంటికెళ్లి చెప్పలేకపోయాను.

మా చర్చిలో జబ్బు తగ్గినవాళ్లు ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. బావ చేతికర్రతో లేచి నిలబడ్డ ఆదివారం చర్చి నిండిపోయింది. కొండ మీది రైతులు ఇద్దరు, మా మతం వాళ్లు కాకపోయినా, మాస్టారిని చూడ్డానికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. బావ కాలు నిలిపినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. "నా తొందర వల్ల, నా సేతి తప్పు వల్ల పడ్డాను" అన్నాడు. "ఆర్నెల్లు నన్ను మోసింది మా బావ" అని నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ తిరిగి నన్ను చూశారు. తర్వాత, "కొండ బడికి ఇంక వెళ్లలేను. సైకిలు ఎక్కే ధైర్యం లేదు. పాయకరావుపేట దగ్గర, హైవే పక్క బడికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాను. ఆర్డరు వచ్చేసింది" అన్నాడు. వెనక బల్ల మీది రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ ఆర్డరు సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా మీద భారం వేయకూడదని చెప్పలేదట. మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాను. నున్నటి టైరు, రాయిలా కొట్టిన గాలి, నేను వంపులో పడడం. "నీ సెయ్యి ఏ తప్పూ సెయ్యలేదు బావా. నేను వేసిన టైరే పడేసింది" అన్నాను.

బావ తన కుడిచెయ్యి చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, తెరిచాడు. "టైరు సంగతి ఒగ్గీ. అడిగేను, నువ్వు సెప్పేవు, నేను ఒప్పుకున్నాను" అన్నాడు. "ఆస్పత్రిలో సెప్పీసుంటే బాగుణ్ణు బావా. నెల కిందట సెప్పినా ఆ ట్రాన్స్‌ఫరు కాయితం మీద సంతకం పెట్టేవోణ్ణి కాను."

గుమ్మంలో నిలబడి సుగుణ అంతా వింది. ఆ సాయంత్రమే సామాను సర్దుకుని బావని తీసుకుని తమ ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ నన్ను అన్నయ్యా అని పిలవడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు బావ బస్సులో బడికి వెళ్తాడు. మెట్లు దిగేటప్పుడు కొంచెం కుంటుతాడు, చలికాలం మోకాలు సలుపుతుంది. కిందటి వేసవిలో నా షాపుకి వచ్చి, ఏమీ అనకుండా ఆ గేరు సైకిలు కొక్కెం మీంచి దింపి వీధి చివరిదాకా తొక్కుకొచ్చాడు. ముందు బ్రేకు మీద రెండు వేళ్లు తేలిగ్గా ఉన్నాయి. దిగి ముందు టైరు గుబ్బలు వేలితో తడిమి, "ఇది మంచిది" అన్నాడు. సైకిలు మళ్లీ కొక్కేనికి తగిలించేశాడు. కొండ బడికి ఇంతవరకు లెక్కల మాస్టారు రాలేదు. పెద్దపిల్లలు ఇద్దరు చదువు మానేసి జీడిపిక్కల పనికి పోతున్నారని, సైకిలు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఆ రైతుల్లో ఒకరు చెప్పారు. "మేస్టారు మళ్లీ వత్తారేటి బాబూ?" అని అడిగారు. నేను ట్యూబు నీళ్లలో ముంచి పంక్చరు వెతికాను.

మట్టిదారిలో తిరిగేవాళ్లు మంచి టైరు ఒకటే ఉంటే అది ముందు చక్రానికి వేయించండి, గాలి రాయిలా కొట్టించకండి. రోగి పక్కన కూర్చునేవాళ్లకి ఒక్కటే చెప్తాను. ఎలా పడ్డారని డాక్టరు అడిగినప్పుడు మీకు తెలిసింది అక్కడే, రోగి వినేలా చెప్పేయండి. నేను చెప్పలేదు, మా బావ చెయ్యని తప్పుని ఆర్నెల్లు తన చేతిలో వెతుక్కున్నాడు.