ఇనుపరాజ్యంలో ఊడిన చేతులు

మా ఆయన దర్జీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే గదిలో, ఒకే స్టూలు మీద కూర్చుని ఈ వీధి మొత్తానికీ బట్టలు కుట్టారు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్ళజోడూ అక్కడే ఉంటుంది. రెంటికీ చోటు చాలక రోజుకు నాలుగుసార్లు కళ్ళజోడు జారిపడుతుంది. కత్తెర, మిషను ఆయనవి. గుండీలు, కాజాలు, అంచుకుట్లు నావి. పెళ్ళయిన కొత్తలో మిషను తొక్కుతానని అడిగితే "నీకెందుకే ఇవన్నీ" అన్నారు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఆయన గొప్పంతా చేతుల్లో ఉంది, అంటే బట్టల చేతుల్లో. "నేను ఎక్కించిన చెయ్యి ఊడదు. గుడ్డ చిరగాలే తప్ప కుట్టు విడదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. దిండు గలీబు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పేవారు. దానికి ఆయన పద్ధతి ఒకటుంది. ముందు తెల్లదారంతో పొడుగు పొడుగు కచ్చాకుట్లు వేసి చెయ్యి తగిలిస్తారు. మనిషికి తొడిగి, చుట్టూ తిరిగి చూసి, సుద్దతో గీతలు పెట్టి, ఆ తర్వాతే మిషను మీద బిగిస్తారు. కచ్చాకుట్టు మీదున్న చెయ్యిని పసిపిల్ల లాగినా చేతిలోకి వచ్చేస్తుంది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, మా కొంప ముంచింది ఇదే.

ఒకరోజు సినిమావాడొకడు వచ్చాడు. సినిమాకు బట్టలు సమకూర్చే మనిషి. 'ఇనుపరాజ్యం' అనే సినిమా తీస్తున్నారట. రాబోయే రోజుల్లో ఒక యంత్రం దేశాన్ని ఏలుతుంటుందట. మనిషికి రోజుకు ఇన్ని ఊపిర్లని లెక్కట. నవ్వితే ఊపిరి ఎక్కువ ఖర్చవుతుందని నవ్వడం నేరమట. ఆ యంత్రానికి నలభైమంది భటులు, వాళ్ళకు నల్ల యూనిఫారాలు కావాలన్నాడు. "పోరాటాల్లో కిందపడి చచ్చేవాళ్ళే సార్, ట్రయల్ ఎందుకు?" అన్నాడు. మా ఆయన కళ్ళజోడు పైకి తోసి, "చచ్చేవాడికైనా చెయ్యి సరిగ్గా కూర్చోవాలి" అన్నారు. నలభైమందినీ రప్పించి, తొడిగించి, గీతలు పెట్టి పంపారు.

మొదటి ఇరవై కుట్టడం పూర్తిచేసి, మడిచి ట్రంకుపెట్టెలో పెట్టారు. మిగతా ఇరవై కచ్చాకుట్ల మీదే లోపలి గదిలో హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. గుండీలు వచ్చేశాయని నేను తొందరపడి నలభైకీ కుట్టేశాను. ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన పూట, మొదటి విడత కోసం సినిమావాడు వ్యాను వేసుకుని దిగాడు. లోపలికి తొంగిచూసి, "అబ్బ, అదిరిపోయాయి మేడమ్! ఇవేనా?" అన్నాడు.

నన్ను మేడమ్ అన్నవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు. కూరగాయలబండి అతను కూడా అక్కా అనే అంటాడు. మెదడు ఎక్కడికి పోయిందో ఏమో, "ఇవే" అని హ్యాంగర్ల నుంచి ఇరవైనీ దించి వ్యాను ఎక్కించాను. గంట తర్వాత దేనికో ట్రంకుపెట్టె తీస్తే కుట్టిన ఇరవై నా మొహం వంకే చూస్తున్నాయి. వెంటనే ఫోను చేశాను. "షూటింగ్ మొదలైపోయిందండీ, ఇక్కడ దుమ్ము లేచిపోతోంది" అని పెట్టేశాడు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పెట్టెలోవాటిని తీసి హ్యాంగర్లకు తగిలించాను. ఆయన ఉబ్బిన బుగ్గతో వచ్చి, లోపలి గదిలో చేతులన్నీ బిగించి ఉండటం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏమే, ఇవి ఎప్పుడు కుట్టాను?"

"నిన్ననేమో. పెట్టెలోవి వ్యానువాడికి ఇచ్చేశాను" అన్నాను.

"చూశావా నా చేతివేగం! నాకే తెలియట్లేదు" అని, నొప్పితోనే నవ్వారు. కుప్పకూలి చచ్చే భటుల చేతులు ఎవరు చూస్తారులే అనుకున్నాను.

ఎనిమిది నెలలకు సినిమా వచ్చింది. మా ఆయన కొత్త చొక్కా కుట్టుకున్నారు. వీధిలో సగంమందికి టిక్కెట్లు కొనిపెట్టారు. హీరో రాగానే పరుగు మొదలుపెట్టాడు. ఊపిరి ఆదా చేయాల్సిన దేశంలో అరగంట పరిగెత్తాడు. "వీడికి ఊపిరి ఎవడిస్తున్నాడ్రా?" అని వెనక వరసలో ఎవరో అరిచారు. ఇంతలో మొదటి భటుడు అడ్డొచ్చాడు. హీరో భుజం దగ్గర పట్టుకుని ఒక్క లాగు లాగాడు. భటుడు అక్కడే ఉన్నాడు, యూనిఫారం చెయ్యి మాత్రం హీరో గుప్పిట్లోకి వచ్చేసింది.

హాలు ఒక్క క్షణం నోరెళ్ళబెట్టింది. తర్వాత ఈలలు. రెండోవాడి చెయ్యి ఊడింది. మూడోవాడివి రెండూ ఊడాయి. నాలుగోవాడి దగ్గరికొచ్చేసరికి జనం లెక్కపెట్టడం మొదలెట్టారు. "ఐదూ! ఆరూ!" పన్నెండో చేతికి కాగితాలు చింపి ఎగరేశారు. నవ్వడం నేరమని చెప్పే సినిమాలో జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. యంత్రం గారు తెరమీద గంభీరంగా శాసనం చదువుతుంటే "చేతులేవి మహాప్రభో!" అని కేకలు. మా ఆయన నా ముంజేతిని పట్టుకున్నారు. ఇంటర్వెల్‌కు బయటికి వెళ్ళినవారు మళ్ళీ లోపలికి రాలేదు.

మర్నాటి నుంచి మా అమ్మాయి ఫోనులో సమీక్షలు చదవడం మొదలుపెట్టింది. ఒకాయన "కథ లేదు, చేతులున్నాయి. అవీ ఊడిపోయాయి" అని రాశాడు. ఇంకొకాయన, మహా మేధావి, "నిరంకుశత్వం పైకి ఎంత బిగువుగా కనిపించినా లోపల ఎంత వదులో దర్శకుడు ఒక్క దృశ్యంలో చెప్పేశాడు" అని మూడు పేజీలు రాశాడు. దర్శకుడు టీవీలో కూర్చుని "ఆ చేతుల గురించి ఆరు నెలలు మథనపడ్డాను" అన్నాడు. ఆరు నెలలట! నాకు ఆరు నిమిషాలు పట్టలేదు. టీవీ మీద గిన్నె విసరబోయి, గిన్నె కొత్తదని ఆగిపోయాను.

కుర్రకారుకు పిచ్చెక్కింది. మా కొట్టు ముందు వరస కట్టి, "అంకుల్, లాగితే ఊడేలా కుట్టండి" అన్నారు. మా ఆయన గజం బద్ద తీసుకుని వీధి చివరిదాకా తరిమారు.

నవ్వులాట అంతవరకే. ఆయన మనసులో ఒకటే పురుగు: కుట్టకుండానే కుట్టాననుకుని మడిచి పెట్టెలో పెట్టేశానని. "నా బుర్ర పాడైపోయింది" అన్నారు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. కళ్ళు బాగానే ఉన్నాయంటే ఇంకా బెంగపడ్డారు. ఆ తర్వాత ఊరి మీద పడ్డారు. పాత ఖాతాదార్లు ఎక్కడ కనబడితే అక్కడ ఆపి, "ఒక్కసారి ఇటు తిరగండి" అని చొక్కా చెయ్యి పట్టుకుని లాగి చూడటం. బ్యాంకు మేనేజరుని బ్యాంకులోనే లాగారు. పంతులమ్మను బస్సులో లాగబోతే నేను అడ్డుపడి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒక్కటీ ఊడలేదు. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు.

పదిహేను రోజులు అలాగే గడిచాయి. రోజూ పొద్దున్నే చెప్పేద్దామని నోరు తెరవడం, "కాఫీ ఇవ్వనా?" అని మూసుకోవడం. చివరికి ఆయన మిషను అమ్మకానికి పెట్టారు. గురువారం పొద్దున కొనేవాడు వస్తాడన్నారు. బుధవారం సాయంత్రమంతా మిషనుకు నూనె రాస్తూ కూర్చున్నారు. అమ్మేసేదానికి అంత నూనె ఎందుకని అడగబోయి, కాఫీ కలపడానికి వెళ్ళాను.

గురువారం తోపుడుబండి వచ్చి వాకిట్లో ఆగింది. కొనేవాడు మిషను మీద చెయ్యి వేశాడు. నేను అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏవండీ, ఆ రోజు నేను వ్యానువాడికి ఇచ్చింది పెట్టెలోవి కాదు, హ్యాంగర్లవి. తప్పు మీది కాదు, నాది."

మొత్తం చెప్పాను. మేడమ్ అన్నది కూడా. పెట్టెలోంచి తీసి హ్యాంగర్లకు తగిలించింది కూడా. కొనేవాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మా ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. "అయితే నాకు మతిపోలేదన్నమాట!" అని కేక పెట్టి, వీధిలోకి పరిగెత్తి, "మా ఆవిడండీ! తప్పు మా ఆవిడది!" అని ఎదురింటికీ పక్కింటికీ చాటింపు వేసొచ్చారు. అంత సంతోషం ఆయన మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా పడలేదు.

తిరిగి వచ్చేసరికి మొహం మారిపోయింది.

"పదిహేను రోజులు నేను బుర్ర చెడిందని ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"భయమేసింది."

"నేనంటేనా?"

"మీరంటే భయమేంటి, తిడతారు, అంతేగా. ఇంక ఆ గుండీలు కూడా నన్ను ముట్టుకోనివ్వరేమోనని."

ఆయన కొనేవాడి వైపు తిరిగి, "అమ్మట్లేదయ్యా, వెళ్ళు" అన్నారు. వాడు తిట్టుకుంటూ బండి తోసుకుపోయాడు. తర్వాత ఆయన స్టూలు వెనక్కి లాగి, "కూర్చో" అన్నారు. నాకు అర్థం కాలేదు. "కూర్చోవే, అక్కడ చొక్కా చెయ్యి కత్తిరించి ఉంది. ఎక్కించు."

నా కాళ్ళకు ఆ మిషను అలవాటు లేదు. దారం రెండుసార్లు తెగింది. చెమటలు కక్కుతూ చెయ్యి ఎక్కించి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తిప్పి చూశారు. ఎడమ చెయ్యి కుడివైపు కుట్టేశాను.

"ఇదేం కుట్టు? ముందువైపంతా ముడతలు! చంక దగ్గర గుడ్డ వదలకుండా ఎవరైనా ఎక్కిస్తారా? ఎవరు నేర్పారు నీకు?" అని వీధంతా వినబడేలా విరుచుకుపడ్డారు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, తిట్లకు ఏడుస్తున్నాననుకుని మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. కూరలో ఉప్పు తక్కువైందనీ, తలుపు గడియ పెట్టలేదనీ ముప్పై ఏళ్ళుగా తిడుతూనే ఉన్నారు. దర్జీని తిట్టినట్టు నన్ను తిట్టడం అదే మొదటిసారి.