గుల్లలమ్మినవాడికి పెట్టిన భోజనం

నా చిన్నప్పుడు అండమాన్‌లోని మా బాంబూఫ్లాట్‌లో గుల్లలమ్మేవాడొకడు ఉండేవాడు. వాణ్ణి తలచుకుంటే ఈ వయసులోనూ నాకు అసహ్యమే.

ఉప్పుటేటి బురదలో ఏరిన గుల్లల్ని, అంటే లోపలి మాంసం తినే ఆల్చిప్పల్ని, రాత్రంతా శుభ్రమైన సముద్రపు నీళ్ళలో ఉంచి బురద కక్కించాలి. అంత దూరం మోయడానికి బద్ధకించి, వాడు గంపను జెట్టీ పక్కనే మరుగుదొడ్ల కాలువ కలిసేచోట ముంచేవాడు. అవి ఆ నీళ్ళే తాగేవి. అది తెలియక మేం కొబ్బరి వేసి వండుకుని తిన్నాం, ఛీ! వీధంతా వాంతులు, విరేచనాలు. పక్కింటి అక్క కొడుకును ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి చేర్చారు.

పాడు తిండి అమ్మితే జైలనే చట్టం అప్పటికి కొత్త. ఇన్‌స్పెక్టరు వచ్చి గంప పట్టుకున్నాడు. గుల్లల్ని సీసాల్లో పెట్టి సీలు వేసేటప్పుడు సాక్షి ఉండాలని, లేకపోతే కేసు నిలవదని, సాయంత్రం ఫెర్రీ దాకా జెట్టీ దగ్గర చూస్తానని చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. విశాఖపట్నం నుంచి ఒకే ఓడలో వచ్చిన కుటుంబాలు మావి. ఓడలో తోడొచ్చినవాడి మీద చెప్పడమంటే తోడబుట్టినవాడి మీద చెప్పినట్టే. "మనోడే కదేటి," అని నసిగారు. బిడ్డ బట్టల కోసం ఇంటికొచ్చిన అక్క కూడా తల దించుకుంది. పిల్లాడు చావుబతుకుల్లో ఉంటే ఏం మొహమాటమో అది!

మా నానమ్మ మాత్రం గంప పట్టుబడకముందు పొద్దున వాడి దగ్గర కొన్న గుల్లలే వండి, మధ్యాహ్నం వాణ్ణి భోజనానికి పిలిచింది. అక్కను గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది. వాడు చేపల పులుసు మళ్ళీ మళ్ళీ వేయించుకుని, వేళ్ళు నాకుతూ తిన్నాడు. గుల్లల కూర మాత్రం కంచం అంచుకు నెట్టేశాడు.

"తినరా తమ్ముడూ, నువ్వమ్మినవే కదేటి?" అంది నానమ్మ.

"ఒద్దప్పా, కడుపు బాగోనేదు," అని తేన్చాడు.

అక్క లేచి జెట్టీకి నడిచింది. నానమ్మ ఆ కూరను కోళ్ళు కూడా ముట్టకుండా పెరట్లో పాతిపెట్టి, తానూ వెళ్ళి సాక్షిగా వేలిముద్ర వేసింది. వాడికి జైలు పడింది. అక్క కొడుకు బతికాడు.

గుల్లలు ఇప్పటికీ ఇష్టంగా తింటాను. నా మనసు విరిగింది ఆ నాకుతున్న వేళ్ళ మీద. అందుకే ఇన్నేళ్ళలో నేను రుచి చూడని ముద్ద ఇంకొకరి కంచంలో వడ్డించలేదు.