ఫుట్‌బాల్ ఆటకి బొట్టు పెట్టి పిలిచాం

ఆ సీజన్లో ఆఖరి ఆట ఒక్కటి మిగిలి ఉండగానే మా జట్టు పదకొండు ఆటలాడి తొమ్మిది ఓడింది. మిగతా రెండూ సమం. ఆ రెంటిలో ఒకటి వానకి మధ్యలో ఆగిపోయిన ఆట. మా మైదానంలో జరిగినవి ఆరు. ఆరూ చూశాను. ఎంతమంది వచ్చారో రాసి పెట్టుకున్నాను: అరవై నాలుగు, యాభై ఎనిమిది, నలభై ఒకటి, నలభై మూడు, ముప్ఫై, ఇరవై తొమ్మిది. ఇందులో ఐస్‌క్రీం బండి అతన్ని కలపలేదు. అతను ఆట చూడటానికి వచ్చినవాడు కాదు.

మా ఊరు భీమవరానికీ పాలకొల్లుకీ మధ్య ఉంటుంది. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఆ చెరువులున్న ఇళ్ళవాళ్ళు టీవీలో క్రికెట్ చూస్తారు. ఫుట్‌బాల్ ఆడేది కాలువ గట్టు వీధివాళ్ళు. వాళ్ళ తాతలు వేటకి వెళ్ళేవారు. ఇప్పుడు కొందరిది చేపల బేరం, కొందరికి ఐసు ఫ్యాక్టరీలో పని. వాళ్ళ కోచ్ నా దగ్గర పదో తరగతి లెక్కలు చదివినవాడే. రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. అప్పటికి అతనికి యాభై ఒకటి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గట్టున కుర్చీ వేసుకుని కూర్చుంటే ఊళ్ళో పెద్దమనుషులు కూడా వస్తారని అతని ఆశ. నేను వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

గోల్లో నిలబడేది కోచ్ భార్య తమ్ముడు. ఇరవై నాలుగేళ్ళవాడు, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. పైకి వచ్చే బంతిని బాగా పట్టేవాడు. నేల మీద వచ్చే బంతికి నడుం వంచేసరికి అది వెనకాల వలలో ఉండేది. పదకొండు ఆటల్లో ముప్ఫై ఎనిమిది గోల్స్ అలా వెళ్ళాయి. వాటిలో ఇరవై ఆరు నేల మీద నుంచి వెళ్ళినవేనని నేను అతని మొహం మీదే చెప్పాను. "ఆయ్, అవునండి" అని తల వంచుకున్నాడు.

మైదానం కాలేజీ కమిటీది. కమిటీ ప్రెసిడెంటు మా పెదనాన్నగారి ఆఖరి అబ్బాయి, నాకు తమ్ముడు. మా మైదానంలో ఆరో ఆట అయిన మర్నాడు మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ సంగతి చెప్పాడు.

"అక్కా, మూడెకరాలు. రోడ్డు పక్కన. ఫంక్షన్ హాలు కడదామనుకుంటున్నాం. వీళ్ళు ఓడిపోడానికి మూడెకరాలెందుకు చెప్పు? ఓడిపోడానికి పది సెంట్లు చాలు."

"చూసేవాళ్ళున్నారు" అన్నాను.

"ఎందరేంటి?"

"నిన్న ఇరవై తొమ్మిది."

నవ్వి నవ్వి కాఫీ పంచె మీద ఒలకబోసుకున్నాడు. "సరే. ఆఖరి ఆటకి మూడొందల మందిని చూపించు. ఆ నేల జోలికి నేను రాను. లెక్క నువ్వే కట్టు. పదో తరగతిలో నాకు ఒక్క మార్కు కలపలేదు నువ్వు. ఇప్పుడు లేని మనుషుల్ని కలుపుతావా!"

ఆ మైదానం పోతే జట్టుకి వేరే చోటు లేదు. చుట్టుపక్కల చెరువు కానిది ఏదైనా ఉందంటే అది రోడ్డు. ఆఖరి ఆటకి ఇరవై రోజులుంది.

కోచ్‌కి కబురు పెట్టాను. భార్యని తీసుకుని వచ్చాడు. సెంటర్లో ఫ్లెక్సీ కట్టించానన్నాడు. మైకు పెట్టిన ఆటో రెండు రోజులు తిప్పానన్నాడు. వాట్సాప్‌లో ఊరందరికీ పంపానన్నాడు. ఆ ఇరవై తొమ్మిది మందీ ఇదంతా చేశాక వచ్చినవాళ్ళు.

"ఏమయ్యా, మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మైకులో పిలిచావా?" అన్నాను.

"లేదండీ. ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచామండి."

"మరి వచ్చారా?"

"వంట చాలలేదండి" అన్నాడు. అప్పుడు అర్థమైంది అతనికి.

మా వైపు గడపలోకి వెళ్ళి బొట్టు పెట్టి పిలవనిదే ఎవరూ కదలరు. పిలిస్తే మాత్రం రాకుండా ఉండరు. రాకపోతే రేపు తమ ఇంట్లో కార్యానికి అవతలివాళ్ళు రారు. ఆటని కార్యం చేస్తే సరి. కానీ నేను బొట్టు పెట్టడానికి లేదు. మా ఆయన పోయి పదహారేళ్ళు. కుంకుమ భరిణె పట్టుకోడానికి మరొకరు కావాలి.

కోచ్ భార్య అరుగు మీంచి లేచింది. "నేనొస్తానమ్మగారండీ. ఎన్ని ఇళ్ళయినా తిరుగుతాను."

"నువ్వొస్తే సగం ఇళ్ళవాళ్ళు రారు" అన్నాను.

అది నిజం. చెరువులున్న ఇళ్ళలో ఆమె చేపల తట్టతో పెరటి వైపు నుంచి వెళ్ళిన మనిషి. వీధి గుమ్మంలోంచి వెళ్ళి వాళ్ళ నుదుట బొట్టు పెడితే మొహం మీద ఏమీ అనరు, ఆట రోజు మాత్రం ఇంట్లో ఉంటారు. నాకు మూడొందల మంది కావాలి. ఆమె "ఆయ్" అని కూర్చుంది. భర్త వైపు చూడలేదు.

భరిణె మా తోడికోడలు పట్టుకుంది. ఆటో మాట్లాడుకుని తొమ్మిది రోజుల్లో నూట పద్దెనిమిది ఇళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లోనూ ఒకటే తంతు.

"ఏంటక్కయ్యగారూ, ఎవరి పెళ్ళేంటి?"

"పెళ్ళి కాదు. ఫుట్‌బాలు."

"ఫుట్‌బాలుకి బొట్టేంటండీ బాబూ! గెలిచారా ఏంటి?"

"లేదు. ఓడుతున్నారు. అందుకే పిలుస్తున్నాం."

"మరి టిఫిన్లున్నాయా?"

మొదటి రోజు లేవని చెప్పాను. సాయంత్రానికి మా తోడికోడలు అంది, "అక్కయ్యా, బొట్టు పెట్టి పిలిచి ఖాళీ కడుపుతో పంపిస్తే మన పరువేం కాను?" రెండో రోజు నుంచి బజ్జీలు, టీ ఉన్నాయని చెప్పాం. మొదటి రోజు వెళ్ళిన పదమూడు ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళి చెప్పొచ్చాం. షామియానా, కుర్చీలు కోచ్ తెప్పించాడు.

కాలువ గట్టు వీధిలో ముప్ఫై నాలుగు ఇళ్ళున్నాయి. అక్కడికి మేం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో అప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. ఆడేది వాళ్ళ పిల్లలు. కార్యం వాళ్ళది. పెళ్ళింటివాళ్ళని పెళ్ళికి పిలవం కదా. ఈ మాట కోచ్‌తో కూడా అన్నాను. అతను ఏదో చెప్పబోయి, "సరేనండి" అన్నాడు. నేను అడగలేదు.

మాఘమాసం ఆఖరి ఆదివారం. ఆట నాలుగు గంటలకి. మూడున్నరకే కార్లు రావడం మొదలైంది. పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. ఇద్దరు ముసలివాళ్ళు చదివింపులు ఎవరికివ్వాలని అడిగారు. ఆట మొదలయ్యేసరికి మూడొందల ఎనభై ఆరు. మా తమ్ముడు ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. వాడి మొహం చూసి నాకు తృప్తి కలిగింది. దాచుకోను.

ఆరో నిమిషంలో మొదటి గోల్ వెళ్ళింది. నేల మీద నుంచే. ఒక్క క్షణం ఎవరికీ ఏం చెయ్యాలో తెలీలేదు. తర్వాత షామియానా కింద నుంచి ఒక గొంతు లేచింది.

"ఏవండీ బాబూ, ఆ గోలీ గారికో కుర్చీ వేయించండి. పాపం ఎంతసేపని నిలబడతారు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో వాళ్ళకి ఆట ఎలా చూడాలో తెలిసిపోయింది. రెండో గోల్‌కి ఇంకొకాయన అందుకున్నాడు.

"ఇంటికొచ్చినవాళ్ళని రావద్దంటామా అండీ! మర్యాదస్తుడు. రండి రండి అంటున్నాడు."

ఆ మాటకి నేనూ నవ్వాను.

మూడోదానికి ఒకావిడ, బజ్జీ నోట్లో పెట్టుకునే అంది, "చేపలు పట్టే చేతులంట కదండీ. బంతికి పొలుసుల్లేవు. జారిపోదూ మరి!"

దానికి అన్నిటికన్నా ఎక్కువ నవ్వారు. అతనికి వినిపించింది. షామియానా నుంచి గోల్‌కి ముప్ఫై అడుగులు కూడా లేదు. అతను మా వైపు చూడలేదు. ఎదురుగా కాలువ వైపు గట్టుకేసి చూశాడు. నాలుగో గోల్ అప్పుడు కూడా ముందు అటే చూసి, తర్వాత వలలోంచి బంతి తీశాడు.

హాఫ్ టైమ్‌లో మళ్ళీ లెక్క పెట్టాను. బజ్జీలు తిని వెళ్ళిపోయినవాళ్ళని కలపకూడదు కదా. మూడొందల డెబ్బై ఒకటి. అప్పుడే నేనూ కాలువ వైపు గట్టు చూశాను. ప్రతి ఆటకీ కాలువ గట్టు వీధివాళ్ళు నిలబడేది అక్కడే. ఆ ఇరవై తొమ్మిది మందిలో ఇరవై ఇద్దరు వాళ్ళు. ఎంత చిత్తుగా ఓడుతున్నా గోలీని పేరు పెట్టి పిలిచి, ఒరే వంగరా, వంగరా అని అరిచేవాళ్ళు. ఆ రోజు ఆ గట్టు మీద ఒక్కరు లేరు. అతని అక్క కూడా లేదు.

కోచ్ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"టీచరుగారండీ, మీవాళ్ళని కొంచెం ఆపండి. కుర్రాడు రెండో సగానికి దిగనంటున్నాడండి."

"పిలిచింది నేను. పిలిచి తీసుకొచ్చినవాళ్ళని నోరు మూసుకోమని ఎలా అంటానయ్యా?"

"మీరు ఒక్క మాటంటే వింటారండి."

వినేవాళ్ళే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఊళ్ళో పాఠం చెప్పాను. వాళ్ళలో సగం మంది నా గొంతుకి ఇప్పటికీ లేచి నిలబడతారు. కానీ కోపం వచ్చి నలుగురు లేచారంటే వాళ్ళతో ఇంటిల్లిపాదీ లేస్తారు. ఆట అయ్యేదాకా వాళ్ళు కూర్చుని ఉండాలి. మూడొందలకి పైన నాకు డెబ్బై ఒక్క మంది మాత్రమే ఉన్నారు.

"మైదానం కావాలా, వద్దా?" అన్నాను.

అతను వెళ్ళిపోయాడు. గోలీ దిగాడు. ఇంకో రెండు వెళ్ళాయి. ఆరు సున్నా. ఆఖరి గోల్‌కి అతను అసలు కదలనే లేదు. షామియానా కింద లేచి చప్పట్లు కొట్టారు.

మా తమ్ముడికి లెక్క చెప్పాను. "మాట మాటే అక్కా. నేల వాళ్ళదే" అన్నాడు. కారెక్కుతూ, "ఇంత బాగుంటుందని తెలిస్తే ముందు నుంచీ వచ్చేవాణ్ణి" అని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున్న పది గంటలకి నేనే కాలువ గట్టు వీధికి వెళ్ళాను, మైదానం నిలిచిందని చెప్పడానికి. కోచ్ ఇంట్లో లేడు. అతని భార్య కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నిలబడింది.

"నిన్న మీ వీధి నుంచి ఒక్కరూ రాలేదేం?" అన్నాను.

"మీరు పిలవలేదు కదండీ."

"మీరు ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళని ఎవరైనా పిలుస్తారా?"

"ఇంటివాళ్ళమైతే భరిణె నా చేతికిచ్చేవారు కదండీ" అంది. గొంతు పెంచలేదు. "ఊరందరికీ పిలుపెళ్ళింది. మా వీధి మలుపు దాకా వచ్చి మీ ఆటో వెనక్కి తిరిగిందండి. మావాళ్ళంతా చూశారు. పిలవని పేరంటానికి మా తమ్ముడి కోసమైనా ఎలా వస్తామండి?"

నేను తప్పు అని ఒప్పుకోలేదు. నీళ్ళు తాగి వచ్చేశాను. గ్లాసు కింద పెట్టేటప్పుడు ఆమె చెయ్యి చాపింది. నేను చూడనట్టు అరుగు మీద పెట్టాను. ఎందుకలా చేశానో నాకు తెలుసు. చేతికిస్తే ఆమె మొహం చూసి ఒప్పుకోవాల్సి వస్తుందని.

ఎనిమిది నెలలకి కొత్త సీజన్ వచ్చింది. పాత జట్టులో ఐదుగురు మానేశారు. నలుగురి బదులు కోచ్ ఎవరెవరినో తెచ్చుకున్నాడు. గోలీ దొరకలేదు. మొదటి ఆట ఇంకా ఆరు రోజులుందనగా నేను ఆ ముప్ఫై నాలుగు ఇళ్ళకీ వెళ్ళాను. ఈసారి భరిణె లేదు. తోడికోడల్ని రమ్మంటే, "ఆ వీధికా?" అని ఊరుకుంది. ఒక్కదాన్నే వెళ్ళాను. ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేశారు. ప్రతి ఇంట్లోనూ, "అయ్యో, మీరు రావాలేంటండీ, కబురంపితే చాలదా! తప్పకుండా వస్తామండి" అన్నారు. మా వైపు తప్పకుండా వస్తామన్నవాళ్ళు రారు. వచ్చేవాళ్ళు చూస్తామండి అంటారు. ముప్ఫై నాలుగు ఇళ్ళలో చూస్తామన్న ఇల్లు ఒక్కటీ లేదు.

అక్కణ్ణుంచి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. అతను గోనె సంచి భుజాన వేసుకుని దిమ్మ మీదికెత్తుకుంటున్నాడు. నన్ను చూసి దించి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఆదివారం ఆట ఉంది. రావాలి" అన్నాను.

"చూడ్డానికి పిలుస్తున్నారాండి, ఆడ్డానికాండి?"

"ఆడ్డానికే."

"ఆడేవాళ్ళని పిలవక్కర్లేదన్నారంట కదండీ" అన్నాడు. కోపంగా అనలేదు. ఎప్పటిలాగే మర్యాదగా అన్నాడు. దిమ్మ కరిగిపోతోందని చెప్పి, వంగి, ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. ఎంత సులువుగా వంగాడో చూశాను.

ఆదివారం పది మందితో దిగాం. పదకొండోవాడిగా గోల్లో కోచ్ నిలబడ్డాడు. యాభై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని. ఈసారి చెరువులున్న ఇళ్ళకి మేం ఎవరం వెళ్ళలేదు. బజ్జీలు లేవని కూడా వాళ్ళకి తెలుసు. మూడున్నర కల్లా నాలుగొందల పైనే వచ్చారు. కుర్చీలు వాళ్ళే తెచ్చుకుని, గోల్ వెనకాల, దగ్గరగా వేసుకున్నారు.