పన్నెండు రూపాయల దిర్హం

మొన్న దొంకేశ్వర్‌ల నేను షార్జా వ్యాపారిని చిత్తు చేసిన ముచ్చట మీదాకా వచ్చే ఉంటది. రాలేదా? అయితే జర ఛాయ్ చెప్పుండ్రి, చెప్త. ఒక్క మాట మాత్రం ముందుగాలనే ఒప్పుకుంట. గెలిచింది నేనే గాని, ఎట్ల గెలిచిన్నో నాకు గెలిచినంకనే తెలిసింది!

దిర్హం అంటే నా చేతుల పెరిగిన పిల్ల. నేను షార్జా పోయిననాడు దిర్హంకు ఏడు రూపాయలు. ఆర్మూర్‌ల మా ఇంటి కింది అంతస్తు తొమ్మిది రూపాయల రేటు మీద లేచింది, పై అంతస్తు పన్నెండు మీద. మెట్లెక్కుతుంటే రూపాయి ఎట్ల దిగిందో కాళ్లకు తెలుస్తది! అక్కడ మా లేబర్ క్యాంపుల ఎవలు ఇంటికి పైసలు పంపాల్నన్నా "కాకా, ఇయ్యాల పంపాల్నా, ఆగాల్నా?" అని నన్నే అడుగుదురు. నేను ఆగుమంటే షార్జా మొత్తం ఆగేది. పన్నెండు కాడ వాపసొచ్చిన. వచ్చినంక రేటు అడుగుడు బంద్ చేసిన. గురువు పోయి శిష్యులను అడుగుతడా?

మా తమ్ముడు లింగన్న దొంకేశ్వర్‌ల పసుపు వేస్తడు. పోయినేడు కల్లంల ఆరబోసిన పంట వానకు తడిసి నల్లవడ్డది, పెట్టుబడి గూడ రాలే. ఈయేడు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి కుప్ప పోసిండు. బంగారమే! గంతల మొన్న పొద్దుగాల మొగులు కమ్మింది. అదే పూట కరీంభాయ్ అనే వ్యాపారి డీసీఎం బండితోని దిగిండు. ఆయన ఒక సేట్ తరఫున షార్జా దుకాణాలకు సరుకు పంపుతడు. బేరం దిర్హంలల్ల చేస్తడు, పైసలు ఆనాటి రేటు లెక్కన రూపాయలల్ల వేస్తడు. లింగన్నకు దిర్హం అంటే భయం. "అన్నా, వానొచ్చేలోపు అమ్ముడుపోవాలె. జల్ది రా!" అని ఫోన్ చేసిండు.

పోయిన. మామూలుగ పోయిన్నా? తెల్ల లాల్చీ, షార్జాల కొన్న గడియారం, పది అడుగుల దూరం కొట్టే అత్తరు! కల్లంల మంచం మీద కూసొని, "ఎవ్వరు నోరు తెరువద్దు. దిర్హం లెక్క నాకిడిసిపెట్టుండ్రి" అన్న.

లింగన్న కోడలు సుజాత చేతుల ఫోన్ పట్టుకొని, "పెద్దమామా, ఇయ్యాల్టి రేటు..." అనవోయింది.

"బిడ్డా, గా ఫోన్ లోపట పెట్టు. రేటు నా నెత్తుర్ల ఉన్నది!"

కరీంభాయ్ ఒక కొమ్ము విరిచి చూసి తలూపిండు. "మాల్ అచ్చా ఉంది చాచా. కింటల్‌కు ఆరువందల దిర్హం."

మనసుల లెక్కేసిన. ఆరువందలు ఇంటు పన్నెండు... ఏడు వేల రెండువందలు! మార్కెట్ యార్డుల పదమూడు వేలు నడుస్తుంటే గిదేం అన్యాయం! లేచిన. నేను అరిస్తే ఆర్మూర్ గుట్ట మీద రెండు రాళ్లు కిందికి దొర్లినయంట, చూసినోళ్లున్నరు.

"ఆరువందలా! ఏమయా కరీంభాయ్, షార్జాల నేను గాడిదలు కాసి వచ్చిన్ననుకున్నవా? అక్కడ ఏది ఎంతకు అమ్ముతరో నాకు తెల్వదా? వాన కొట్టుకపోనీ గాని నీకియ్యం!"

సుజాత నా లాల్చీ గుంజింది. "పెద్దమామా, ఒక్క నిమిషం..." మెచ్చుకుంటున్నదనుకున్న. ఇంకింత గట్టిగ అరిచిన.

కరీంభాయ్ మొఖం వాడిపోయింది. షార్జా దుకాణాల ధరలన్నీ నా గుప్పిట్ల ఉన్నయనుకున్నడో ఏమో, "నారాజ్ గావొద్దు చాచా. ఆరువందల ముప్పై" అన్నడు.

గుంజుతున్న చెయ్యి టక్కున ఆగింది. సుజాత ఉరికి పోయి చెంబుల నీళ్లు తెచ్చింది. "గొంతు తడుపుకోండ్రి పెద్దమామా. మంచిగ అరువుండ్రి!"

చూసిండ్రా, కోడలంటే గిట్లుండాలె!

నీళ్లు తాగి రెండో విడత మొదలువెట్టిన. కర్రతోని మంచం కోడు మీద కొట్టిన. నా సర్వీసు చెప్పిన, షార్జా ఎండలు చెప్పిన, మా ముత్తాత కోపం గూడ చెప్పిన. కరీంభాయ్ పక్కకు పోయి తన సేట్‌కు ఫోన్ చేసి, చెమట తుడుసుకుంట వచ్చిండు. "చాచా, ఆఖరి మాట. ఆరువందల అరవై. ఇంకా పెంచితే నా నౌకరీ పోతది."

అప్పటికీ ఎనిమిది వేలు గాలే! "నీ ఆఖరి మాట నా మొదటి మాటకు గూడ..." అంటుండంగనే నెత్తి మీద చినుకు పడ్డది. లింగన్న కోడలు దిక్కు చూసిండు. కోడలు తలూపింది. లింగన్న ఉరికొచ్చి కరీంభాయ్ చెయ్యి పట్టుకున్నడు. "ఇచ్చినం భాయ్! ఎత్తుండ్రి!"

నేను మంచంల కూలవడ్డ. ఒక్కొక్క సంచి బండెక్కుతుంటే నా గుండె మీదికెళ్లి ఎక్కినట్టే ఉన్నది. "సగం ధరకు మునిగినవు గదరా లింగన్నా!" అన్న. ఏడుపొక్కటే తక్కువ. బండి తొవ్వ పట్టినంక సుజాత పక్కనొచ్చి నిలబడ్డది.

"పెద్దమామా, దిర్హం ఎంతనుకుంటున్నరు?"

"పన్నెండు. ఎన్నడన్న తప్పిన్నా?"

"ఇరవై నాలుగు దాంక పోయింది. మీరు వాపసొస్తే గది ఆగుతదా? కరీంభాయ్ మొదటి మాటనే యార్డు కన్న ఎక్కువ. ఇప్పుడు కింటల్‌కు పదహారు వేల దగ్గర వడ్డది!"

నేను మీసం దువ్వుకున్న. "మరి నేను ఊకెనే అరిచిన్ననుకున్నవా? అంతా ఎరుకే. మిమ్ముల పరీక్ష చేసిన!" పిల్ల నవ్వు ఆపలేక ఇంట్లకు ఉరికింది. ఆ సాయంత్రం లింగన్న అంకాపూర్ నుంచి నాటుకోడి కూర తెప్పించిండు. మంచి ముక్కలన్నీ నాకే!

తెల్లారి ఏర్గట్ల రైతులు ఇద్దరు మా ఇంటికొచ్చిండ్రు. కరీంభాయ్ వాళ్ల ఊరికి వస్తున్నడట. నేను అప్పటికే లాల్చీ ఇస్త్రీకి తీసిన.

"నడువుండ్రి! నేనుండంగ మీకు ఫికరెందుకు?"

వాళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. "నిన్ను తీస్కపోదామనే వచ్చినం కాకా. గని తొవ్వల లింగన్న కలిసిండు. నీకు రేటు తెలిసిపోయిందట గద!"

"తెలిస్తే ఏమాయె?"

"తెలిసినోనికి గంత కోపం రాదు కాకా. వాపసొచ్చి మస్తు ఏండ్లయి, ఇప్పటిదాంక రేటు అడుగని పెద్దమనిషి ఇంకెవలన్న ఉంటే జర పేరు చెప్పరాదు?"

ఆర్మూర్ డివిజన్ మొత్తం మనసుల జల్లెడ పట్టిన. ఒక్కడు దొరకలే! గా విషయంల గూడ నన్ను కొట్టెటోడు ఈ చుట్టుపట్ల పుట్టలేదయ్యా!