నేను చదివి చెప్పిన కారు కాగితం

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, మా ప్రాంతంలో ఇంగ్లీషు కాగితం చదవగలిగినవాడికి కొత్తల్లుడికి జరిగినంత మర్యాద జరిగేది. చదివింది నీకు అర్థమైందా అని అడిగే అలవాటు మాత్రం ఎవరికీ ఉండేది కాదు. నేను శ్రీకాకుళంలో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా చేరి అప్పటికి ఆరు నెలలు. చేసేదల్లా కాగితాలకు చిల్లులు పొడిచి దారం కట్టడం. (అయినా ఊరెళ్లేటప్పుడు జేబులో రెండు కలాలు పెట్టుకునేవాణ్ణి.)

మా అక్క మొగుడు, కోటబొమ్మాళి బావ, సాలూరులో పరాయివాళ్ల లారీ తోలేవాడు. ఆ బతుకు చాలించి, స్టేషన్లో దిగే యాత్రికుల్ని సొంత టాక్సీలో శ్రీముఖలింగం తిప్పుకుంటూ అక్క కళ్లెదుటే ఉండాలని ఆశపడి, ఉన్న రెండెకరాల పల్లపు పొలమూ అమ్మేశాడు. విజయనగరంలో పాత కార్లమ్మే షావుకారు ఒక నల్ల కారు చూపించాడు. ఎంత మెరుగు పెట్టాడంటే అందులో చూసుకుని నేను తల దువ్వుకున్నాను. తర్వాత టైపు కొట్టిన కాగితం తెచ్చాడు. బావ దాన్ని నా చేతికిచ్చి, "ఒరే బామ్మర్దీ, ఏటి రాసినాడో సదివి సెప్పు. నువ్వు సరేనంటే సంతకం ఎట్టేస్తాను" అన్నాడు. చదివాను. చివరి వాక్యంలో నాలుగు మాటలకు అర్థం తెలియలేదు. అడుగుదామంటే షావుకారు నా రెండు కలాల వంకే చూస్తున్నాడు. గొంతు సవరించుకుని, "అన్నీ మామూలు షరతులే బావా" అన్నాను.

అక్క కారుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. మూడో రోజు కారు దారి మధ్యలో పొగలు కక్కి ఆగిపోయింది. రెండెద్దులు లాక్కొచ్చాయి. (స్టీరింగు దగ్గర బావ కూర్చుని ఎద్దులకు హారన్ కొడుతున్నాడు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను.) సాలూరు నుంచి లారీలు బాగుచేసే మేస్త్రీ వచ్చి చూసి, "ఇంజను ఎప్పుడో పగిలిపోనాది. అతుకేసి రంగు పూసీసినారు" అన్నాక నవ్వడం మానేశాను.

బావ కాగితం పట్టుకుని మా వకీలుగారి దగ్గరికే వచ్చాడు. ఆయన చదివి కళ్లజోడు తీశారు. "ఉన్నది ఉన్నట్టు కొంటున్నాను, తర్వాత ఏ లోపం బయటపడినా అడగను అని చివర రాసుంది కదయ్యా. కళ్లు తెరుచుకుని కొనాల్సింది కొనేవాడే. నీకిది చదివి చెప్పినవాడెవడు?" అన్నారు. బావ నా వైపు చూడనైనా లేదు.

"మావోడే సదివినాడు బాబూ. ఆ ముక్క కూడా సెప్పినాడు. నానే కారు మోజులో ఇనిపించుకోనేదు."

నేను నోరు తెరవలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు. బయటికొచ్చి ఏడుస్తుంటే బావ టీ ఇప్పించి, "నీ ఉజ్జోగం పోతే నా కారు నడుస్తాదేటిరా? ఊరుకో" అన్నాడు. మర్నాడే సాలూరు వెళ్లిపోయి, కంటిచూపు తగ్గేదాకా పరాయివాళ్ల లారీయే తోలాడు. కారు పెరట్లో ఉండిపోయింది. వెనక సీట్లో కోళ్లు పొదిగేవి. అక్క మాత్రం చివరిదాకా దాన్ని 'మన కారు' అనే అంది.

ఇప్పుడు కొనేవాడి కోసం చట్టాలున్నాయి, ఫిర్యాదు చేసుకోవడానికి కోర్టులున్నాయి. బావే లేడు. మొన్నామధ్య నేనో చిన్న కారు కొనబోతే, షోరూమ్ అమ్మాయి కాగితాల కట్ట ముందు పెట్టి, "ఇవన్నీ ఎవరూ చదవరు అంకుల్, సంతకం పెట్టేయండి" అంది. నేను కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. తెలియని మాట వచ్చినచోటల్లా ఆపి అర్థం అడిగాను. ఆ కలాల కుర్రాడు అప్పుడే ఇంత సిగ్గు వదిలేసి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటే నవ్వొచ్చింది. ఒక్కో వాక్యాన్నీ పైకే తెలుగులో చెబుతున్నానని నాకే తెలియలేదు.

"ఎవరికి చదివి వినిపిస్తున్నారంకుల్?" అంది ఆ అమ్మాయి.

"మా బావకమ్మా" అన్నాను. ఆ పిల్ల నా పక్కనున్న ఖాళీ కుర్చీకేసి చూసింది.